జిల్లాలు దగ్గరికొచ్చినయి, అధికారం ఎక్కడున్నది?

2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లా ముక్కలయింది. వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు పుట్టినయి. గద్వాల పేరు మొదటి జాబితాలో లేదు. జనం రోడ్డెక్కి కొట్లాడితే చేర్చినారు. 1956 దాకా రాయచూరు కింద, ఆ తర్వాత పాలమూరు కింద నలిగిన నేల అది. అలంపురం కూలీ మనిషి కలెక్టరుకు అర్జీ ఇయ్యాలంటే ఒకరోజు కూలి, బస్సు కిరాయి రెండూ పోయేవి. కనుక కచేరీ దగ్గరికి రావడం చిన్న సంగతి కాదు. దాన్ని ఎగతాళి చేసే పట్నం మేధావులతో మనకు పొత్తు లేదు.

కానీ నాలుగేండ్లు తిరగకముందే అధికారం మళ్లీ పైకి పోయింది. 2020లో వీఆర్వోలను తీసేసినారు, ధరణి తెచ్చినారు. పాసుబుక్కులో పేరు తప్పుపడ్డా, సర్వే నంబరు ఎక్కకపోయినా అర్జీ కలెక్టరు దాకా పోవాల్సి వచ్చింది. రెండెకరాల అసైన్డు భూమి ఉన్న ఒక కూలీ తల్లి వెంట ఆ రోజుల్లో నేను మూడు కచేరీలు తిరిగిన. గోడ మీద బోర్డు కొత్తది, జవాబు మాత్రం పాతదే: "మా చేతుల లేదు." 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం వచ్చి తహసీల్దారుకు, ఆర్డీవోకు కొన్ని అధికారాలు తిరిగి ఇచ్చింది. అర్జీ ఇచ్చినవాళ్లు రశీదు అడిగి తీసుకోవాలె.

ఇటువంటి కథే తూర్పు ఆఫ్రికాలోని ఉగాండాలోనూ నడిచింది. అక్కడ ఊరి మండలి మొదలు జిల్లా మండలి దాకా ఐదు మెట్లు. 1986లో ముసెవేని గద్దెనెక్కేనాటికి 33 జిల్లాలు. ఇప్పుడు 130 దాటినయి. అయితే అన్నిటికంటే కింది మెట్టయిన ఊరి మండలికి 2001 తర్వాత 2018 దాకా ఎన్నికే పెట్టలేదు. జిల్లాకు కొత్త ఆఫీసర్లు వచ్చిన్రు, ఊరి మనిషికి ఓటు రాలేదు.

మన దగ్గర అంత కాలం ఆగలేదు గానీ, ఆగింది. 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయినయి. తండావాళ్లు తమ సర్పంచిని తామే ఎన్నుకున్నారు, మంచిదే. ఆ గడువు తీరినంక 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ఆ కుర్చీలో ప్రత్యేకాధికారి. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగినయి. మోరీ నిండినా, వీధిదీపం ఆరినా ఎవరినడగాలె?

డిసెంబరులో ఎన్నికలయినయి. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. ఈ మూడు జిల్లాల్లో సంఘం ఉన్న ప్రతి ఊర్ల ఆ రెండేండ్ల నిధుల లెక్క అక్కడే అడుగుదాం. సభ పొద్దున కూలికి పోయే వేళ కాకుండా మాపటికి పెట్టాలని సర్పంచికి ముందే చెప్పి ఉంచుదాం.