బొమ్మ కావాలి, మనిషి అక్కర్లేదా?

అమెరికాలో విలియం మెస్నర్-లోబ్స్ అని ఒక కామిక్స్ చిత్రకారుడు. పసితనంలోనే భుజాన క్యాన్సర్ గడ్డ లేచి కుడిచేయి తీసేశారు. రాసినా గీసినా ఎడమచేత్తోనే. 1983లో మొదలైన ‘జర్నీ’ ఆయన సొంత సృష్టి. తరవాత ‘ఫ్లాష్’కీ, ‘వండర్ ఉమన్’కీ ఏళ్ల తరబడి కథలు రాశాడు. అంతటి వండర్ ఉమన్‌కు వేరే పని దొరకని రోజులొస్తే టాకోలు అమ్మే హోటల్లో పనికి పెట్టాడు. పూట గడవడం ఎంత కష్టమో తెలిసినవాడు కాబట్టే అలా రాయగలిగాడు. ఆ మనిషి చివరికి ఇల్లు పోగొట్టుకున్నాడు. 2005లో తోటి చిత్రకారులు తలా ఒక బొమ్మ ఇచ్చి, ఆయన కోసం ఒక పుస్తకం వేసి డబ్బు పోగుచేశారు. 2018లో మళ్లీ వార్త: ఆయన కారులో పడుకుంటున్నాడని. ఈ లోగా ఆయన రాసిన వీరుల పేరుతో వచ్చిన సినిమాలు కోట్ల డాలర్లు వసూలు చేశాయి!

ఎక్కడో అమెరికా సంగతి తిరుత్తణిలో ఎందుకంటారా? మనం వాళ్లకంటే మేలుగా ఏం చేశామో చెప్పండి.

1960 ఏప్రిల్ 1న ఈ ఊరు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. బడిలో తెలుగు తగ్గినా ఇళ్లలో చందమామ ఉండింది. అందులో విక్రమార్కుణ్ణీ బేతాళుణ్ణీ గీసింది తమిళుడైన శంకర్. 1952లో చేరి, దాదాపు అరవై ఏళ్లు గీస్తూనే ఉన్నాడు. ఆయనకు పద్మశ్రీ ఎప్పుడు ప్రకటించారు? 2020 సెప్టెంబరులో తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశాక, నాలుగు నెలలకు! ఉన్నన్నాళ్లూ ఢిల్లీకి కనపడలేదా ఆ చేయి?

ఇంకొక అన్యాయం. పత్రికలో జీతానికి గీసిన బొమ్మను అచ్చువేసుకునే హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదేనంటుంది 1957 నాటి కాపీరైటు చట్టం. అమెరికాలో నీల్ ఆడమ్స్ వంటి చిత్రకారులు 1970ల్లో పోట్లాడి, గీసిన అసలు కాగితాలు చిత్రకారుల చేతికి తిరిగి వచ్చేలా చేశారు. అలా వాళ్ల చేతిలో ఏదో ఒకటి మిగిలింది. మన చిత్రకారుల కోసం అలా ఎవరు పోట్లాడారు?

ఇక ఇల్లులేనివాళ్ల మాట. రాత్రి ఆఖరి రైలు దిగినవాళ్లను అడగండి, స్టేషన్ వసారాలో, కొండ మెట్ల మొదట్లో గోనెపట్టా పరచుకున్న ముసలివాళ్లను చూశారా అని. చూసే ఉంటారు, దాటుకుని పోయుంటారు. శవాన్ని భుజాన మోసే రాజు బొమ్మకు మురిసిపోయిన కళ్లే బతికున్న మనిషిని దాటుకుపోతున్నాయి. 2021 సెప్టెంబరు నుంచి కొండమీది సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో రోజంతా అన్నదానం జరుగుతోంది, చేతులెత్తి మొక్కుతాను. కానీ తిన్న మనిషి తల ఎక్కడ వాల్చాలి? లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మా ఊరు లక్షకు తక్కువ. అంటే ఇక్కడి చలి చలి కాదా, ఇక్కడి వాన తడపదా?

2011 జనగణనలో దేశమంతటా ఇల్లులేనివాళ్లు పదిహేడు లక్షల డెబ్భై వేల పైచిలుకు. ఒక్క రాత్రిలో, కనపడినవాళ్లను మాత్రమే లెక్కపెడితే తేలిన సంఖ్య అది!

చెన్నైలో, తిరుపతిలో బొమ్మలు వేసేవాళ్లు ఎంతమంది లేరు! తలా ఒక బొమ్మ ఇమ్మని అడిగితే ఇస్తారు. అడిగేవాళ్లేరి? పెళ్లిళ్లకు సత్రాలు కట్టించే పెద్దలారా, ఉగాదికి వేదికలెక్కి తెలుగు వెలగాలని మాట్లాడే సంఘాలవారూ, మీరు అడగండి. ఆ బొమ్మల్ని కొండకింద ఏదో ఒక మండపంలో పెట్టి అమ్మండి, వచ్చిన డబ్బుతో నాలుగు గోడలు లేపండి. పురపాలక సంఘం స్థలం చూపించాలి, నీళ్లూ మరుగుదొడ్డీ చూసుకోవాలి. ఆడికృత్తికకు లక్షల మందికి పందిళ్లు వేయగలిగిన ఊరు, ఏడాది పొడుగునా ఇక్కడే పడుండే గుప్పెడు మందికి ఒక పైకప్పు వేయలేదంటే నేను నమ్మను.