14 వేల స్పీకర్ కేబుల్ కొన్నాక మా ఇంట్లో తేలిన నిజం

మా బావమరిది శ్రీసిటీలో పని చేస్తాడు. రెండేళ్లు డబ్బు దాచుకుని 45 వేలతో ఆంప్లిఫయర్, స్పీకర్లు కొన్నాడు. ఆన్ చేస్తే సన్నగా ‘గుయ్య్’మని హమ్. చెన్నైలో ఒక షాపువాళ్లు "మంచి కేబుల్ వేస్తే అదే పోతుంది" అన్నారంట. మూడు మీటర్ల స్పీకర్ కేబుల్ 14 వేలు! సత్యవేడుకి వచ్చి మా ఇంట్లోనే బిగించాడు. "బావా, తెర తీసినట్టుండాది గదా!" అన్నాడు. హమ్ మాత్రం అట్లాగే ఉంది.

2007లో అమెరికా మెజీషియన్ జేమ్స్ రాండీ, 7,250 డాలర్ల స్పీకర్ కేబుల్‌ని మామూలు కేబుల్ నుంచి విని వేరు చేసినవాళ్లకి 10 లక్షల డాలర్లు ఇస్తానన్నారు. ఆ వ్యవహారం పరీక్ష దాకా రాకుండానే ఆగిపోయింది. సరే, మనమే చేద్దాం అనుకున్నాం. వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్లక్క మాట్లాడకుండా కేబుల్స్ మార్చింది. అదే పాట, అదే వాల్యూమ్. ఒకటి 14 వేలది, ఇంకోటి కరెంటు సామాన్ల షాపులో కొన్న 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. పదిసార్లలో ఆరుసార్లు కరెక్ట్. నాణెం ఎగరేసినా ఆ మాత్రం వస్తుంది.

ఎందుకలా? మూడు మీటర్లలో ఆ మామూలు వైరు రెసిస్టెన్స్, పోను రాను కలిపి, సుమారు 0.07 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అదెంత? తగ్గే సౌండ్ 0.1 డెసిబెల్ కూడా ఉండదు.

అలాగని కేబుల్ ఏదైనా ఒకటే అనను. 4 ఓమ్‌ల స్పీకర్‌కి 20 మీటర్ల దూరం 0.75 వైరు లాగితే, స్పీకర్‌కి అందే పవర్ మూడో వంతు పైగా తగ్గుతుంది. అక్కడ 2.5 వైరు వేయాల్సిందే. అంటే చూడాల్సింది మందం, పొడవు, గట్టి కనెక్షన్. బ్రాండ్ పేరు కాదు.

మరి హమ్ సంగతి? టీవీకి వచ్చే డిష్ వైరు పీకగానే ఠక్కున ఆగిపోయింది. అది గ్రౌండ్ లూప్. స్పీకర్ కేబుల్ ఎంత ఖరీదైనదైనా దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ హమ్ ఆంప్లిఫయర్‌లోకే వస్తోంది. టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కి ఉన్న ఆక్స్ వైరు తీసేసి ఆప్టికల్ కేబుల్ పెట్టాం. అందులో పోయేది వెలుతురు, కరెంటు కాదు కాబట్టి లూప్ తెగిపోయింది. డిష్ వైరు మళ్లీ పెట్టినా హమ్ రాలేదు. ఖర్చు 350 రూపాయలు.

మా వాడికి బాధ అదే. "చెవులు నన్నే మోసం చేసినాయా బావా?" అన్నాడు. చెవులు కాదురా, 14 వేలు పెట్టినాక బాగుండాలని మనసు కోరుకుంటుంది. నాకైనా అంతే.

కాబట్టి నా మాట: సిస్టమ్ బడ్జెట్‌లో కేబుల్‌కి వందలు చాలు. మిగిలింది స్పీకర్లకి, గదిలో మందపాటి కర్టెన్లకి, ఇంటి ఎర్తింగ్‌కి పెట్టండి. ఎవరైనా ఖరీదైన కేబుల్ అమ్మాలని చూస్తే, డబ్బిచ్చే ముందు చూడకుండా వినిపించమని అడగండి.