పెద్ద చార్జరు, చిన్న ఫోను



ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి రాసిన ఉత్తరం నా ముందున్నది. వాళ్ళ నాన్నగారి లాప్‌టాప్ చార్జరును ఆ అమ్మాయి అమ్మ సెల్‌ఫోనుకు తగిలించేదట. లాప్‌టాప్ చార్జరు 65 వాట్లది, ఫోనుతో వచ్చినది 18 వాట్లది. నాలుగు నెలలకు ఫోను వీపు ఉబ్బింది. "అంత కరెంటు ఎక్కిస్తే ఉబ్బక ఏమవుతుంది?" అని ఇంటిల్లిపాదీ ఆ పిల్లను చివాట్లు పెట్టారట. "మాస్టారూ, తప్పు నాదేనా?" అని అడుగుతున్నది.

తీర్పుకు ముందు వాటు అంటే ఏమిటో చూద్దాం. విద్యుత్తును నెట్టే వత్తిడిని వోల్టులలోనూ, దాని ప్రవాహాన్ని ఆంపియర్లలోనూ కొలుస్తారు. రెంటినీ హెచ్చవేస్తే వచ్చేవి వాట్లు. 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు ఇవ్వగల చార్జరు 65 వాట్లది. లెక్క మీరే వేసి చూడండి.

"ఇవ్వగల" అన్నాను గాని "ఇచ్చి తీరే" అనలేదు. కీలకమంతా ఇక్కడే ఉన్నది. గుండిగ నిండా అన్నం ఉన్నదని మనం గుండిగెడూ తినం కదా! సి రకం పిన్ను గల ఇప్పటి చార్జరు మొదట 5 వోల్టులు మాత్రమే వడ్డిస్తుంది. తర్వాత తన దగ్గర ఇంకా ఏయే వోల్టులున్నవో చెబుతుంది. ఫోను "నాకు 9 చాలు" అంటుంది. చార్జరు అంతే పెడుతుంది. ఆ మాటలు తెలియని ఫోను 5 వోల్టులతోనే సరిపెట్టుకుంటుంది. ఆపైన బాటరీలోకి ఎంత పోవాలన్నది ఫోను లోపలి సర్క్యూటు చూసుకుంటుంది. పాతరకం గుండ్రని పిన్ను చార్జర్లకు మాత్రం ఈ సంప్రదింపు సాధారణంగా ఉండదు. అవి దేనితో వచ్చినవో దానికే వాడాలి.

తిరగేసి, ఫోను చార్జరును లాప్‌టాప్‌కు పెడితే? బాటరీ చెడదు, చాలా నిదానంగా నిండుతుంది. ఆటలాడుతుంటే నిండకపోగా తగ్గవచ్చు కూడా. కొన్ని లాప్‌టాపులైతే పుచ్చుకోనే పుచ్చుకోవు.

మరి ఫోను ఎందుకు ఉబ్బింది? ఉత్తరం అడుగున ఒక వాక్యం ఉన్నది: "అమ్మ రాత్రంతా దిండు కింద పెట్టి చార్జి చేస్తుంది, ఫోను కొని నాలుగేళ్ళయింది." ఈ వాక్యాన్ని ఇంట్లో పెద్దలెవరూ పట్టించుకున్నట్టు లేదు!

లిథియం అయాన్ బాటరీలో లిథియం అయాన్లు ఒక వైపునుంచి రెండో వైపున ఉన్న గ్రాఫైట్ పొరల మధ్యకు ఈదుకుంటూ పోతాయి. అవి ఈదే ద్రవానికి వేడి గిట్టదు. వేడిలో, అందులోనూ నిండా చార్జయి గంటల తరబడి ఉన్నప్పుడు, ఆ ద్రవం త్వరగా విరిగిపోయి వాయువులు పుడతాయి. గాలి చొరని సంచీలో వాయువు చేరితే అది ఉబ్బక తప్పదు. వేగంగా చార్జి చేస్తే కాస్త వేడి ఎక్కువ పుట్టే మాట నిజమే. కాని ఫోను తాను తట్టుకోగలిగినంతే అడుగుతుంది. ఆ వేడిని బయటికి పోనివ్వనిది దిండు. బాటరీని విప్పి చూడందే ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను. 65 అనే అంకెను చూసి పిల్లను దోషిని చేయడం మాత్రం అన్యాయం. ఉబ్బిన బాటరీని నొక్కరాదు, పొడవరాదు, మళ్ళీ చార్జి చేయరాదు, అది నిప్పంటుకోవచ్చు. ఫోను ఆపి, బాగుచేసేవారికి ఇచ్చి బాటరీ మార్పించాలి.

ఈ బాటరీలు 1991లో సోనీ సంస్థ ద్వారా బజారుకు వచ్చాయి. వీటికి మూలమైన కృషికి గూడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

సెలవునాడు ఒక పని చేయండి. పెద్దల అనుమతితో ఫోనును 20 శాతం నుంచి 100 వరకు చార్జి చేస్తూ, పది నిమిషాలకొకసారి అంకె రాసుకోండి. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. మొదట నిటారుగా లేచే గీత 80 ప్రాంతం దాటాక వంగుతుంది. గ్రాఫైట్ పొరలు నిండుతున్నకొద్దీ కొత్త అయాన్లకు చోటు దొరకడం కష్టం. తొందరపెడితే అవి లోపలికి పోలేక పైననే లోహంగా పేరుకుంటాయి. అందుకే ఫోను తనంతట తానే అడగడం తగ్గిస్తుంది. మీ గీత ఎక్కడ వంగిందో నాకు రాయండి.