సంతకానికి ముందు ఒక్క రాత్రి

మా ముహల్లాలో ఒక దర్జీ ఉన్నారు. ఆయన కుమార్తె మునిసిపల్ పాఠశాలలో ఉర్దూ మాధ్యమంలో ఏడో తరగతి చదువుతోంది. గత సంవత్సరం ఒక సాయంత్రం, పిల్లల చదువుకు సాఫ్ట్‌వేర్ అమ్మే యువకుడొకరు ఆ ఇంటికి వచ్చారు. "నాలుగు అక్షరాలు తెలిసినవారు, మీరూ వచ్చి కూర్చోండి సాబ్" అని దర్జీ మమ్మల్ని పిలిపించుకున్నారు.

ఆ యువకుడు ట్యాబ్ తెరిచి అమ్మాయికి ఇంగ్లీషులో ఇరవై ప్రశ్నలు ఇచ్చాడు. నాలుగింటికి మాత్రమే సరైన జవాబులు వచ్చాయి. "అంకుల్, పాప చాలా వెనకబడింది. ఇప్పుడు పట్టించుకోకపోతే పదో తరగతిలో కష్టం" అన్నాడు. అమ్మాయి తల వంచుకుంది. తండ్రి ముఖం చిన్నబోయింది. ధర 42,000 రూపాయలు; నెలకు 1,750 చొప్పున 24 నెలలు; వడ్డీ లేదు; ఈ ధర ఈ రోజు వరకే. తండ్రి మా వైపు చూశారు. మేము తల ఊపాము. ఆయన ఆధార్, పాన్ కార్డులు ఇచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీలను చదివి వినిపించారు.

ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, జతపరచిన కాగితాలు చూడకుండా ఒక్క ఫైలునూ పైకి పంపని మేము ఆనాడు ఒక్క కాగితమైనా అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

మూడు నెలలకే ట్యాబ్ బీరువా ఎక్కింది. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఉర్దూలో చదివే పిల్లకు అవి అందలేదు. అసలు ఆ పరీక్ష కొలిచింది ఆమెకు ఇంగ్లీషు ఎంత వచ్చునో మాత్రమేనని అప్పుడు గాని మాకు తట్టలేదు. వాయిదా మాత్రం నెలనెలా బ్యాంకు ఖాతా నుంచి పోతూనే ఉంది. అమ్మినతను ఫోను ఎత్తడం లేదు. కంపెనీని అడిగితే అప్పు ఫైనాన్సు సంస్థదంటుంది. ఫైనాన్సు సంస్థను అడిగితే సరుకుతో తమకు సంబంధం లేదంటుంది.

ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని సచార్ కమిటీ 2006లో చెప్పింది. ఆనాటి ఆ పిల్లలే ఈనాటి తల్లిదండ్రులు. తమకు దక్కని చదువు తమ పిల్లలకైనా దక్కాలన్న వారి ఆరాటం ఎంత గొప్పదో, అమ్మకందారుకు అంత సులభంగా దొరికే పట్టు కూడా అదే. మరోవైపు, 2022-23 నుంచి కేంద్ర ప్రభుత్వం మైనారిటీల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు ఆ కొద్దిపాటి ఆసరా కూడా లేకుండా పోయింది. ప్రభుత్వం చేయి వెనక్కు తీసుకున్న గుమ్మంలోకే వాయిదాల వ్యాపారం అడుగుపెడుతోంది.

సాఫ్ట్‌వేర్లన్నీ మోసమని మేము అనడం లేదు. పిల్లలకు ఉపయోగపడేవీ ఉన్నాయి. అమ్మకానికి వచ్చే కుర్రవాడు కూడా నెలవారీ లక్ష్యం నెత్తిన పెట్టుకుని తిరిగే చిరుద్యోగే. అయితే కొనాలా వద్దా అన్న నిర్ణయం అతని ఎదుట, అతని తొందర మీద జరగకూడదు. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖే తల్లిదండ్రులను హెచ్చరించింది: ప్రకటనలను గుడ్డిగా నమ్మవద్దనీ, తెలియకుండా అప్పు పత్రాలపై సంతకం చేయవద్దనీ, ఖాతా నుంచి సొమ్ము దానంతటదే కోతపడే ఏర్పాటుకు ఒప్పుకోవద్దనీ.

కాబట్టి కొన్ని ప్రశ్నలు తప్పక అడగాలి. పాఠాలు మా బిడ్డ చదివే మాధ్యమంలో, ఆమె పాఠ్యపుస్తకానికి అనుగుణంగా ఉన్నాయా? కొన్ని రోజులు ఆమె వాడి చూసే వీలుందా? నచ్చకపోతే సొమ్ము ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారు, ఆ మాట ఏ కాగితంలో ఉంది? వాయిదా అంటే ఎవరికి బాకీ పడుతున్నాం? వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మనవారు ఈ చివరి ప్రశ్నను మరీ గట్టిగా అడగాలి. సున్నా వడ్డీ అన్నదే లేదని, అది మరో రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే. వాయిదా తప్పితే చెడేది తండ్రి పరపతి. రేపు అదే బిడ్డ కాలేజీ చదువుకు అప్పు పుట్టడం కష్టం కావచ్చు.

డబ్బు పెట్టే ముందు ఉచితంగా ఉన్నవాటిని చూడండి. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో పాఠాలు తెరుచుకుంటాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉర్దూలో కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటికే మోసపోయినవారు సిగ్గుపడి ఊరుకోవద్దు. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు కేసుకు రుసుము లేదు. మనం నివసించే జిల్లాలోనే, రెండేళ్ళలోగా వేయవచ్చు.

దర్జీగారి ఫిర్యాదును మేమే రాసి దాఖలు చేశాము. తీర్పు ఇంకా రాలేదు. పరపతి చెడిపోతుందన్న భయంతో ఆయన వాయిదాలు కడుతూనే ఉన్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరు పక్కన ఉన్నారు కదా అని ధైర్యం చేశాను సాబ్" అన్నారు, అంతే. అంతకన్నా పెద్ద నింద మా సర్వీసులో ఏ పై అధికారి నోటా మేము వినలేదు.

ప్రతి మసీదు కమిటీ, ప్రతి యువజన సంఘం ముహల్లాకు ఒకరిద్దరు చదువరులను ఈ పనికి నియమించాలని మా మనవి. ఇలాంటి కాగితం ఏదైనా ముందు వారు చదవాలి, అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఆ తర్వాతే సంతకం. "ఈ ధర ఈ రోజు వరకే" అని ఎవరైనా తొందరపెడితే, "కాగితాలు ఇచ్చి వెళ్ళు బాబూ, రేపు చెబుతాం" అనండి. నికార్సైన సరుకు రేపటికీ ఉంటుంది. కాగితాలు ఇవ్వనంటే, మన జవాబు ఆ రాత్రే దొరికినట్టు.