చంకకఱ్ఱలు ఇచ్చిన చాలదు, నడక నేర్పవలెను

కాలు విరిగిన మనిషికి వైద్యుడు ఎముకను సరిచేసి కట్టు కట్టును. కొన్ని దినములకు “ఇక ఇంటికి పోవచ్చును, కాని ఈ కాలు నేల మోపరాదు” అని చెప్పును. బంధువులు బజారునకు పోయి రెండు చంకకఱ్ఱలు కొని తెత్తురు. రోగి వానిని చంకలక్రింద ఆనించుకొని, ఇరువురు చెరియొక ప్రక్క పట్టుకొనగా, వాకిటనున్న బండి వరకు తూలుచు పోవును. మన దేశమున అనేక ఆసుపత్రులలో కానవచ్చు దృశ్యమిది. చికిత్స పూర్తియైనదని అందరును తలంతురు. మా అభిప్రాయమున అది సగమే జరిగినది. ఏ వేళ ఎన్ని మాత్రలు మ్రింగవలెనో చెప్పకుండ ఎవరును మందు ఇచ్చి పంపరు. చంకకఱ్ఱయు మందువంటిదే. కొలత చూచి, వాడుక నేర్పి, రోగిచేత నడిపించి చూచిన పిమ్మటనే దానిని చేతికి ఇయ్యవలెను.

చంకకఱ్ఱ అను పేరే పెద్ద పొరపాటునకు మూలమగుచున్నది. బరువును చంకమీద మోపవలెనని జనులు తలంచుచున్నారు. నిజమునకు బరువు మోయవలసినవి అరచేతులు, చంకలు కావు. చేతిని కదలించు నరములు చంకగుండా పోవుచున్నవి. దేహభారమంతయు కఱ్ఱల తలలపై వేసి వ్రేలాడుచు నడిచినచో ఆ నరములు నలుగును. మొదట చేయి తిమ్మిరెక్కును. అటుపిమ్మట మణికట్టును పైకెత్తు శక్తి సన్నగిల్లి చేయి వ్రేలాడబడును. ఒత్తిడి మానినచో అనేకులకు ఈ బలహీనత తగ్గును గాని, అందుకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కాలు బాగుచేయించుకొన వచ్చినవాడు చేయి చెడగొట్టుకొనుట ఎంత విచారకరము! కూలిచేసి బ్రదుకువానికి అది కుటుంబమంతటికిని కలిగిన నష్టము.

కావున మొదటి పని కొలత. రోగి నిటారుగా నిలుచున్నపుడు కఱ్ఱ తలకును చంకకును నడుమ రెండు మూడు వ్రేళ్ళు పట్టు సందు ఉండవలెను. చేతిని వదులుగా క్రిందికి విడిచినపుడు పిడి మణికట్టు మడత ఎత్తున ఉండవలెను. అప్పుడు పిడి పట్టుకొన్నచో మోచేయి కొంచెము వంగియుండును. అడుగుననున్న రబ్బరు తొడుగు అరిగినవెంటనే మార్చవలెను. తాతగారు వాడి అటక ఎక్కించిన కఱ్ఱలనే దించి మనుమనికి ఇచ్చుట మన ఇండ్లలో కలదు. వస్తువు వృథాపోరాదనుట మంచిదే. కాని కొలత సరిచేయనిదే ఆ కఱ్ఱలు వాడరాదు.

పిమ్మట నడక. ఒక కాలు నేల మోపరాదని వైద్యుడు చెప్పిన రోగి, రెండు కఱ్ఱలను ఒక్కసారి కొంచెము ముందునకు వేసి, భారమును చేతులపై నిలిపి, మంచి కాలిని ముందునకు తేవలెను. నిలుచున్నపుడు కఱ్ఱల కొనలు పాదములకు సుమారు 15 సెంటీమీటర్లు ముందునకును, అంతే దూరము ప్రక్కలకును ఉండవలెను. కాలిపై కొంత బరువు మోపవచ్చునా, బొత్తిగా మోపరాదా అనునది వైద్యుడే నిర్ణయించవలెను. దానిని బట్టి నడక మారును. మెట్ల విషయమున ఒక సూత్రము గుర్తుంచుకొనవలెను: ఎక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు కఱ్ఱలును నొప్పికాలును ముందు. కుర్చీలో కూర్చుండునపుడు మంచి కాలి వెనుకభాగమునకు కుర్చీ తగులువరకు జరిగి, కఱ్ఱలు రెండును ఒక చేతిలోనికి తీసికొని, రెండవ చేత కుర్చీని పట్టుకొని మెల్లగా కూర్చుండవలెను.

అయితే ఆసుపత్రి నేల చదును. మన ఇండ్లు అట్లుండవు. గడపలు, కళ్ళాపి చల్లిన వాకిలి, నాపరాళ్ళు పరచిన పెరడు, తడి ఆరని స్నానాలగది—ఇవన్నియు చంకకఱ్ఱలవానికి ప్రమాదస్థలములే. నేలపై కూర్చుండి భుజించుటయు, గొంతుకూర్చుండు మరుగుదొడ్డియు అతనికి దుస్సాధ్యములు. కావున నేర్పువారు “మీ ఇంట మెట్లెన్ని? గడప ఎంత ఎత్తు? మరుగుదొడ్డి ఎట్టిది?” అని తప్పక అడుగవలెను. నడుమ రంధ్రముగల కుర్చీ ఒకటి సమకూర్చుకొనుడని చెప్పుట చిన్న మాటయే; కాని అది ఒక పతనమును నివారింపవచ్చును. చేతులలో బలము లేని వృద్ధులకును, తల తిరుగువారికిని చంకకఱ్ఱలకంటె నాలుగు కాళ్ళ వాకరు మేలగును. ఇదియు నడిపించి చూచినగాని తెలియదు.

రోగులు కిక్కిరిసిన ఆసుపత్రిలో ఇంత తీరిక ఎవరికి కలదని కొందరు అడుగుదురు. వారి కష్టము నిజమైనదే. కాని సరిగా నేర్వక పడిపోయిన రోగి తిరిగి ఆ ఆసుపత్రికే వచ్చును. మరల మంచము, మరల కట్టు, ఒక్కొక్కప్పుడు మరల శస్త్రచికిత్స. అరగంట మిగుల్చుకొనబోయి నెలలు పోగొట్టుకొనుట ఏనుగును కొని అంకుశమునకు బేరమాడినట్లుండును. 1972లో స్థాపితమైన భారత కృత్రిమ అవయవముల ఉత్పత్తి సంస్థ కాన్పూరులో చంకకఱ్ఱలను కూడ తయారుచేయుచున్నది. దివ్యాంగులకు సహాయ పరికరములు ఇచ్చు కేంద్ర పథకము 1981లో ఆరంభమైనది. 2021 నాటి చట్టము ఫిజియోథెరపీని గుర్తింపుగల ఆరోగ్యవృత్తులలో చేర్చినది. కఱ్ఱలు చేయుటకును పంచుటకును ఏర్పాట్లున్న దేశమున నేర్పుటకు మాత్రము ఏర్పాటు లేకుండరాదు. ఫిజియోథెరపిస్టు లేనిచోట శిక్షణపొందిన నర్సు నేర్పవచ్చును. రోగి పది అడుగులు నడిచి, నాలుగు మెట్లు ఎక్కి దిగి, కూర్చుండి లేచి చూపినగాని అతనిని ఇంటికి పంపరాదను నియమము ప్రతి ఆసుపత్రిలోను ఉండవలెనని మా మనవి.

కుటుంబమువారికిని కర్తవ్యము కలదు. ఆసుపత్రిలో నేర్పునపుడు ఇంటివారొకరు దగ్గర నిలిచి చూడవలెను. రోగి నడుచునపుడు నొప్పికాలి ప్రక్కన, కొంచెము వెనుకగా నిలువవలెను. చేయి పట్టి లాగరాదు. చంకకఱ్ఱ పట్టుట నామోషీ యని గోడలు పట్టుకొని కుంటువారిని ఎగతాళి చేయక ఓపికతో నచ్చజెప్పవలెను. ఊతతో నిలుచుట లోపము కాదు. తీగ పందిరిని ఆధారము చేసికొనియే పైకి ప్రాకును.

పాఠకులారా! మీకుగాని, మీవారికిగాని చంకకఱ్ఱలు వ్రాసి ఇచ్చినపుడు వానిని తీసికొని ఊరకే వెడలిపోకుడు. “వీనితో ఎట్లు నడువవలెనో చూపుడు, నేను నడిచెదను, చూడుడు” అని అడుగుడు. అట్లడుగుటకు సంకోచింప పనిలేదు. అది మీకు రావలసిన చికిత్సలోని భాగమే.