పాట లోపలికి సరే, బయటికో?

మస్కట్ నుంచి సెలవు మీద ఇండియా బయల్దేరే తెలుగువాళ్ళు, నేను కంప్యూటర్ పనివాడిని కదా అని, తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది. "తమ్ముడికి పాటల ప్లేయర్ కొనాలన్నా, ఐపాడ్ తీసుకోనా, ఇంకేదైనా తీసుకోనా?" ఖురం షాపింగ్ సెంటర్లో అద్దాల బీరువా ముందు నిలబడి ఫోన్ చేసి అడిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. పక్కనుంచి సేల్స్‌మన్ హిందీలో ఏదో చెప్తుండేవాడు, ఇటు ఫోన్లో నేను తెలుగులో ఏదో చెప్తుండేవాణ్ణి. మధ్యలో పాపం కొనేవాడు.

ఎన్ని జీబీలు, తెర ఎంత, ఎంత సన్నగా ఉంది అన్నవి అట్టపెట్టె మీద రాసే ఉంటాయి. వాటికి నా సలహా అక్కర్లేదు. నేను తిరిగి అడిగే ప్రశ్న వేరు: అందులో పెట్టిన పాటని మళ్ళీ మామూలుగా బయటికి తీసుకోగలరా? తెలుగు పాటలు వినేవాళ్ళు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను.

ముందు 2007లో బజార్లో ఏముండేవో చూద్దాం. 2001 అక్టోబరులో ఆపిల్ మొదటి ఐపాడ్ తెచ్చినప్పుడు అందులో ఉన్నది 5 జీబీ, ధర 399 డాలర్లు. 2007లో 249 డాలర్లకి 80 జీబీ క్లాసిక్ వచ్చేది. మన లెక్కలో 96 రియాళ్ళు. 4 జీబీ నానో 149 డాలర్లు, అంటే 57 రియాళ్ళ పైచిలుకు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ జూన్ 2006 నవంబరులో వచ్చింది కానీ అప్పట్లో అమెరికాలో తప్ప అమ్మేవాళ్ళు కాదు. చుట్టాలెవరైనా తెస్తేనే ఇక్కడ చూడగలిగేవాళ్ళం. క్రియేటివ్ జెన్ ఉండేది, సోనీ వాక్‌మన్ ఉండేది. శాన్‌డిస్క్ వాళ్ళ సాన్సా క్లిప్ అని అగ్గిపెట్టె అంత బుల్లి ప్లేయర్ అప్పుడే కొత్తగా వచ్చింది. 2 జీబీది అప్పట్లో అమెరికాలో 60 డాలర్లు, అంటే 23 రియాళ్ళు.

జీబీల మోజు ఒక్క చిన్న లెక్కతో తీరిపోతుంది. సెకనుకి 128 కిలోబిట్ల నాణ్యతతో ఎంపీత్రీ చేస్తే ఐదు నిమిషాల పాట సుమారు 5 ఎంబీ అవుతుంది. 80 జీబీలో పదహారు వేల పాటలు పడతాయి. తిండీ నిద్రా మానేసి వరసగా వింటే 55 రోజులు! 2 జీబీలో నాలుగు వందల పాటలు. నిజం చెప్పండి, మనం మళ్ళీ మళ్ళీ వినే పాటలు నాలుగు వందలు దాటుతాయా? మన పాత సినిమా పాటలు మోనో రికార్డింగులు. కేసెట్ నుంచి తీసిన పాటకి ఇంకా ఎక్కువ నాణ్యత పెట్టినా, కేసెట్‌లో లేనిది ఎంపీత్రీలోకి ఎక్కడినుంచి వస్తుంది?

ఇక అసలు సంగతి, తాళాల సంగతి. 2007లో ఆపిల్ దుకాణంలో కొన్న పాటల్లో ఎక్కువ భాగం ఆపిల్ తాళంతో వచ్చేవి, వేరే కంపెనీ ప్లేయర్లో పాడేవి కావు. మైక్రోసాఫ్ట్ కథ ఇంకా తమాషా. 2004లో 'ప్లేస్ ఫర్ ష్యూర్' అని ఒక ముద్ర కనిపెట్టి, ఈ ముద్ర ఉన్న పాటలు ముద్ర ఉన్న ప్లేయర్లన్నిట్లో ఖాయంగా పాడతాయని చెప్పారు. రెండేళ్ళకి సొంతంగా జూన్ తెచ్చారు. అందులో ఆ ముద్ర పాటలు పాడలేదు! సోనీ ఏళ్ళ తరబడి తన సొంత అట్రాక్ పద్ధతినీ, సోనిక్‌స్టేజ్ అనే సాఫ్ట్‌వేర్‌నీ పట్టుకుని వేలాడి, చివరికి 2007లో తన కనెక్ట్ పాటల దుకాణం మూసేస్తున్నట్టు ప్రకటించింది. అక్కడ కొనుక్కున్నవాళ్ళు అప్పుడు పాటల్ని సీడీల మీదకి ఎక్కించుకుని కాపాడుకునే పనిలో పడ్డారు. డబ్బిచ్చి కొన్న పాటలు సుమా!

"మనం ఆ దుకాణాల్లో కొననే కొనం కదా, మనకెందుకు ఈ గొడవ" అని మీరనొచ్చు. నిజమే. స్టీవ్ జాబ్స్ 2007 ఫిబ్రవరిలో రాసిన బహిరంగ లేఖలోనే చెప్పాడు, ఒక్కో ఐపాడ్‌కి సగటున కొన్న పాటలు 22 అని. అమెరికావాళ్ళే అంతంత మాత్రంగా కొంటుంటే, మనకైతే అప్పటికి ఆ దుకాణం తలుపే తెరవలేదు. ఒమన్‌లోనూ అప్పుడు లేదు, ఇండియాలోనూ లేదు. కానీ మన నష్టం అక్కడే ఎక్కువ. అమెరికావాడి పాట పోతే ఇంకో దుకాణంలో ఇంకోసారి కొనుక్కుంటాడు. మన నాన్నగారు పాతికేళ్ళ కిందట ఊళ్ళో కేసెట్ల కొట్టువాడికి చీటీ రాసిచ్చి, వెతికించి, వరసగా ఎక్కించుకున్న కేసెట్ ఏ దుకాణంలో దొరుకుతుంది? తాతగారు పెరట్లో కూర్చుని పాడిన పద్యాలు ఎవరు అమ్ముతారు? మన దగ్గరున్న కాపీయే అసలు, అదే నకలు. అది పోతే పోయినట్టే.

2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. ఖురంలో వాదీలు పొంగి కింది అంతస్తుల్లోకి నీళ్ళు వచ్చాయి. మాకు తెలిసిన కుటుంబం ఒకటి పిల్లల్ని తీసుకుని పైఅంతస్తువాళ్ళింటికి వెళ్ళిపోయారు. మనుషులు క్షేమం, అది చాలు. నీళ్ళు తీశాక చూస్తే బల్ల కింద కంప్యూటర్ బురదలో ఉంది. ఆ ఇంటావిడ వాళ్ళ అమ్మగారి మంగళహారతులూ, పెళ్ళిపాటలూ ఉన్న నాలుగు కేసెట్లు ఇండియా నుంచి తెచ్చుకుని, కూర్చుని ఎంపీత్రీలుగా మార్చి అందులో పెట్టుకున్నారు. కేసెట్లూ ఆ బల్ల సొరుగులోనే ఉన్నాయి. మిగిలిందల్లా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉన్న ప్లేయర్. ఆ అమ్మగారు చనిపోయి అప్పటికి రెండేళ్ళు.

ఏ కంపెనీదో చెప్పను కానీ, అందులోంచి పాటలు కొత్త కంప్యూటర్లోకి తీయడానికి మామూలు దారి లేదు. తగిలించగానే "ఇందులో ఉన్నవి చెరిపేసి కొత్తగా నింపనా?" అని అడిగింది. ఆవిడ చెయ్యి మౌస్ మీదే ఉంది. కంగారులో 'సరే' నొక్కి ఉంటే అమ్మగారి గొంతు అంతటితో సరి. రెండు సాయంత్రాలు కూర్చుని వేరే సాఫ్ట్‌వేర్‌తో అన్నీ బయటికి లాగాం. లాగినవాటిలో ఏది ఏ పాటో పేర్లు లేవు. ఆవిడే ఒక్కొక్కటీ విని చెప్తుంటే నేను టైపు చేశాను.

ఈ ఇబ్బంది ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాదు, పాటని లోపలికి తోసే పని తన సాఫ్ట్‌వేర్‌కే అప్పగించిన ప్రతి ప్లేయర్‌తోనూ ఉంటుంది. ఐపాడ్ ఎలా పనిచేస్తుందో చూడండి. ఐట్యూన్స్ ద్వారా పాట ఎక్కిస్తే అది కనబడని ఫోల్డర్‌లోకి వెళ్తుంది, ఫైలుకి నాలుగక్షరాల అర్థంలేని పేరు వస్తుంది. ఏ ఫైలు ఏ పాటో చెప్పే చిట్టా వేరే ఉంటుంది. 2007 క్లాసిక్‌లో ఆ చిట్టాకి ఒక లెక్క ముద్ర కూడా తగిలించారు, వేరే సాఫ్ట్‌వేర్లు రాసే చిట్టా చెల్లకుండా. లైనక్స్ వాళ్ళు కొద్ది రోజుల్లోనే దాన్ని విప్పారనుకోండి. కానీ మన పాట మనం తీసుకోవడానికి ఎవరో తాళం విప్పే దాకా ఆగాలా?

సాన్సా క్లిప్ లాంటివి పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తాయి. ఫోల్డర్ తెరవడం, పాట లాగి వెయ్యడం, కావాలంటే వెనక్కి లాగడం, అంతే. సోనీ కూడా 2007లో వచ్చిన కొత్త వాక్‌మన్‌లతో ఈ దారికి వచ్చింది. సొంత పద్ధతి అని అన్నేళ్ళు పట్టుబట్టిన సోనీయే దిగొచ్చిందంటే ఏ దారి మంచిదో వేరే చెప్పాలా?

పేర్ల సంగతికి వస్తాను, మనకి ఇది రెండో పెద్ద చిక్కు. ఈ ప్లేయర్లు ప్రపంచాన్ని కళాకారుడు, ఆల్బమ్, పాట అని మూడు గదులుగా చూస్తాయి. మన సినిమా పాట ఈ మూడు గదుల్లో పట్టదు. మాయాబజార్ తీసుకోండి. రాసింది పింగళి. సంగీతం పేరు ఘంటసాలది, కానీ కొన్ని వరసలు సాలూరి రాజేశ్వరరావువి. పాడింది ఘంటసాల, లీల, సుశీల, మాధవపెద్ది. ఇందులో 'కళాకారుడు' ఎవరండీ? దేవదాసు అనే పేరుతో 1953లో ఒక సినిమా, 1974లో ఒకటి, 2006లో ఇంకొకటి వచ్చాయి. పక్కన సంవత్సరం రాయకపోతే ప్లేయర్ ఈ మూడింటినీ కలిపి ఒకే ఆల్బమ్ చేసే ప్రమాదం ఉంది. ఘంటసాల పాట అవగానే 2006లో కాలేజీల్లో మోగిన పాట మొదలవుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు తలో రకంగా రాయడం వల్ల మన బాలు ఒక్కడే ప్లేయర్ దృష్టిలో ఐదుగురు.

ఎంపీత్రీ ఫైలు చివర ఉండే పాతరకం చీటీలో పాట పేరుకి, గాయకుడికి, ఆల్బమ్‌కి తలా 30 బైట్లే చోటు. యూనికోడ్ తెలుగులో అక్షరానికీ, గుణింతానికీ, సున్నాకీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. 'ఘంటసాల' 18 బైట్లలో పడుతుంది కానీ 'మాధవపెద్ది సత్యం'కి 46 కావాలి. కొత్తరకం చీటీలో ఈ ఇబ్బంది లేదు. సంగీత దర్శకుడికీ, రచయితకీ వేరే గదులు కూడా ఉన్నాయి. ఐపాడ్ మెనూలో సంగీత దర్శకుల వరస ఉంది, అది దాని గొప్పే, ఒప్పుకోవాలి. తెలుగు లిపి మాత్రం నేను చేతిలోకి తీసుకుని చూసిన ఏ ప్లేయర్లోనూ సరిగ్గా కనబడలేదు, అన్నీ గళ్ళే. అందుకని నా పద్ధతి ఇది: చీటీలో పేర్లు ఇంగ్లీషు అక్షరాలతోనే, కానీ ఎప్పుడూ ఒకే స్పెల్లింగుతో. సినిమా పేరు పక్కన సంవత్సరం. పూర్తి వివరాలు తెలుగులో టైపు చేసి అదే ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. ప్లేయర్ చదవలేకపోయినా కంప్యూటర్ చదువుతుంది, రేపు మన పిల్లలూ చదువుతారు.

ఇక ఈ ఊరి సంగతులు రెండు. ఐపాడ్ 35 డిగ్రీల దాకా వాడొచ్చని ఆపిల్ వాళ్ళే రాశారు, వాడకుండా పక్కన పెట్టినా 45 దాటకూడదు. మస్కట్ ఎండాకాలంలో బయటే 40 దాటుతుంది, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. బ్యాటరీకి అంతకన్నా చేటు లేదు. ఏది కొన్నా సరే, కారులో వదిలేసి ఆఫీసుకి వెళ్ళకండి. రెండోది ఎఫ్ఎమ్ రేడియో. గోను వెళ్ళాక కరెంటు లేదు, టీవీ లేదు, ఫోన్లు అందలేదు. చిన్న బ్యాటరీతో నడిచే రేడియో విలువ ఆ రోజుల్లో తెలిసింది. క్లిప్‌లో, జెన్‌లో, జూన్‌లో రేడియో ఉంది. 2007 నాటి ఐపాడ్‌లో లేదు.

ఇంత చెప్పాక ఐపాడ్ చెడ్డదా అంటే, కాదు. ఆ చక్రం తిప్పుతుంటే వేల పాటల్లోంచి ఒకటి దొరికే తీరు ఇంకెవరికీ చేతకాలేదు. క్లిప్ మీది బుల్లి బొత్తాలు, చిన్న అక్షరాలు పెద్దవాళ్ళకి ఇబ్బందే. అమ్మానాన్నలకి కొంటుంటే, తెర పెద్దదీ నొక్కడం తేలికా అయినదే కొనండి. ఏ ప్లేయర్ అయినా తప్పులేదు, కానీ దాన్ని గోడౌన్ అనుకోవద్దు. అందులో ఉన్న ప్రతి పాటా బయట ఇంకో చోట మామూలు ఎంపీత్రీగా ఉండాలి. ఒక డీవీడీ ఇక్కడ, ఒక డీవీడీ ఇండియాలో ఇంట్లో. ఒకటి నీళ్ళలో మునిగినా రెండోది ఉంటుంది. తమ్ముడికైతే, నాకైతే, క్లిప్ లాంటిది చాలు. మిగిలిన డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్లూ, కేసెట్ నుంచి కంప్యూటర్‌కి తగిలించే ఒక కేబులూ కొంటాను.

ఇంకొక్క మాట. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు కొత్త ప్లేయర్ ఇచ్చి ఊరుకోకండి. అటక మీది కేసెట్ల డబ్బా కిందికి దించి, నాన్నగారినో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఏ సినిమాలోది, ఎవరు పాడారు, ఈ హారతి ఎవరు నేర్పారు అని అడిగి రాసుకోండి. కేసెట్ మీద చీటీలు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి. ఆ పేర్లు ఇప్పుడు ఉన్నది వాళ్ళ జ్ఞాపకంలో మాత్రమే.