మా పేరుతో దూసిన కత్తి

యుద్ధం ఎక్కడ జరిగినా ఆడవాళ్ళ పేరు అందరికంటే ముందు వాడుకుంటారు. ఆడవాళ్ళ మాట మాత్రం అందరికంటే చివర కూడా వినరు. ఇది చెప్పడానికి నేను నూట అరవై ఏళ్ళు దాటిన కొన్ని బొమ్మలు తీసుకుంటున్నాను. 1857లో ఉత్తర భారతదేశంలో సిపాయిలు, రైతులు, తాలూకాదార్లు, చేతివృత్తులవాళ్ళు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డారు. తెల్లవాళ్ళు దాన్ని మ్యూటినీ అన్నారు, మనం ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అంటున్నాం. పేరు మీద తగాదా ఇంకా తెగలేదు. కానీ ఒక విషయంలో ఇరుపక్షాలకూ తగాదా లేదు. బొమ్మలో ఆడదాన్ని ఎక్కడ నిలబెట్టాలో, ఏ భంగిమలో నిలబెట్టాలో ఇద్దరికీ బాగా తెలుసు. నా అభ్యంతరం ఆ భంగిమల మీద. అవి మ్యూజియం గోడల మీద ఆగిపోయి వుంటే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు.

ముందు గెలిచినవాళ్ళ బొమ్మ చూద్దాం. స్కాట్లండుకు చెందిన జోసెఫ్ నోయెల్ పేటన్ 1858లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో 'ఇన్ మెమోరియమ్' అనే తైలవర్ణ చిత్రం పెట్టాడు. తిరుగుబాటు ఇంకా పూర్తిగా అణగకముందే వచ్చిన చిత్రం అది. నేలమాళిగ లాంటి ఒక గదిలో తెల్లజాతి స్త్రీలు, పిల్లలు ఒకరినొకరు కరుచుకుని వున్నారు. మధ్యలో ఒకామె బైబిలు పట్టుకుని పైకి చూస్తోంది. వెనక తలుపు తోసుకుని కత్తులతో సిపాయిలు లోపలికి వస్తున్నారు. తరవాత ఏం జరుగుతుందో చిత్రకారుడు గీయలేదు. చూసేవాళ్ళ ఊహకు వదిలిపెట్టాడు. ఆ ఊహ మీదే ఆ బొమ్మ బతికింది.

లండన్ విమర్శకులు గగ్గోలు పెట్టారు. ఇలాంటిది చూపించడం మర్యాద కాదన్నారు. అప్పుడు పేటన్ ఏం చేశాడు? సిపాయిలను చెరిపేసి, వాళ్ళ స్థానంలో కాపాడటానికి వస్తున్న హైలాండర్ సైనికులను గీశాడు. అచ్చు వేసి ఇళ్ళలో గోడలకు తగిలించుకోవడానికి అమ్మింది ఈ మార్చిన బొమ్మనే. ఇక్కడ కాస్త ఆగి చూడమని కోరుతున్నాను. తలుపు దగ్గర మనుషులు మారిపోయారు. హంతకులు పోయి రక్షకులు వచ్చారు. మధ్యలో వున్న స్త్రీని మాత్రం మార్చవలసిన అవసరం చిత్రకారుడికి రాలేదు. చావు ఎదురైనప్పుడు ఆమె ఎలా కూర్చుందో, రక్షణ ఎదురైనప్పుడూ అలాగే కూర్చుంది. మగవాళ్ళ రాకపోకల మధ్య ఆమె చేయవలసింది ఎదురుచూడటమే. పితృస్వామ్యం గురించి మనం శిక్షణ తరగతుల్లో గంటసేపు చెప్పేది ఈ ఒక్క సవరణ చెప్పేస్తుంది.

ఆ గదిలో ఇంకొకామె వుంది. ఆమె ఆయా, భారతీయ స్త్రీ. తెల్లదొరసాని పిల్లలను పెంచే పనిమనిషి. సిపాయిలు వస్తే ఆమె గతి ఏమిటి? హైలాండర్లు వస్తే ఆమె గతి ఏమిటి? చిత్రం తెల్లజాతి స్త్రీల వీరత్వానికి అంకితం కాబట్టి ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఇతరుల పిల్లలను పెంచుతూ తన పిల్లలను ఎవరో చూస్తారని ఇంట్లో వదిలివచ్చే స్త్రీల సంఘాల్లో పనిచేసే మనకు రావాలి.

అదే 1858లో ఎడ్వర్డ్ ఆర్మిటేజ్ 'రెట్రిబ్యూషన్' అనే పెద్ద చిత్రం గీశాడు. అంటే ప్రతిఫలం, శిక్ష. బ్రిటానియా అనే బలిష్ఠమైన స్త్రీ బెంగాల్ పులి గొంతు పట్టుకుని కత్తి ఎత్తింది. పక్కన చచ్చిపడివున్న తెల్లస్త్రీ, పసిబిడ్డ. దీనికి ఒక ఏడాది ముందే, 1857 సెప్టెంబరులో, 'పంచ్' పత్రికలో జాన్ టెనియల్ 'జస్టిస్' అనే కార్టూను వేశాడు. ఎలీస్ కథకు బొమ్మలు వేసిన టెనియల్ ఇతనే. అందులో న్యాయదేవత కత్తితో సిపాయిలను నరుకుతోంది. వెనక ఒక మూల భారతీయ స్త్రీలు, పిల్లలు ముద్దగా కూలబడి వున్నారు. అంటే ఒక స్త్రీ శవం కోసం, ఇంకొక స్త్రీ రూపంలో వున్న సామ్రాజ్యం, మూడో స్త్రీ కళ్ళముందు ఆమె మగవాళ్ళను చంపుతోంది. ముగ్గురూ ఆడవాళ్ళే. చంపమన్నది ఎవరు?

కాన్పూరు బీబీఘర్‌లో 1857 జూలై 15న వందకు పైగా తెల్లజాతి స్త్రీలను, పిల్లలను చంపారు. అది ఘోరం. స్వాతంత్ర్య పోరాటం పేరుతో దాన్ని కప్పిపెట్టవలసిన అవసరం మనకు లేదు. బందీలైన ఆడవాళ్ళను, పసిపిల్లలను నరికి బావిలో వేయడాన్ని ఏ జెండా సమర్థించదు. కానీ ఆ తరవాత జరిగినదానికి ఆ శవాలు అనుమతి పత్రం అయ్యాయి. జనరల్ నీల్ పట్టుబడినవాళ్ళ చేత ఉరికి ముందు ఆ గదిలో ఎండిన నెత్తురు నాకించాడు. ఊళ్ళు తగలబెట్టారు, చెట్లకు వరుసగా ఉరితీశారు. దీన్నంతా ప్రతీకారం అన్నారు. మరి అదే నీల్ అలహాబాదులో, చుట్టుపక్కల ఊళ్ళలో ఉరితీతలు సాగించింది జూన్‌లో. అంటే బీబీఘర్‌కు ముందు. ప్రతీకారం నేరానికి ముందే ఎలా మొదలవుతుంది? తారీఖులు చెప్పే ఈ మాట బొమ్మలు చెప్పవు.

ఇంకొక విషయం. తెల్లస్త్రీలను బలాత్కరించారని, వీధుల్లో ఊరేగించారని లండన్ పత్రికలు నెలల తరబడి రాశాయి. పేటన్ బొమ్మలో తలుపు దగ్గర భయం ఆ రాతల మీద ఆధారపడిందే. ఆగ్రాలో ఇంటెలిజెన్స్ విభాగం చూసిన విలియం మ్యూర్ 1857 చివరలో అధికారుల నుంచి నివేదికలు తెప్పించి చూస్తే ఆ ఆరోపణలకు నమ్మదగిన ఆధారం దొరకలేదు. విచారణ చేసింది తెల్ల ప్రభుత్వమే.

ఇక్కడ మన మిత్రులు కొందరు నన్ను అడగవచ్చు. 'అత్యాచారం జరిగిందని చెప్తే ముందు నమ్మాలి అని మనమే అంటాం కదా, ఇప్పుడు ఆధారాలు అడుగుతున్నావేమిటి?' అని. న్యాయమైన ప్రశ్న. స్త్రీ తనకు జరిగింది తన నోటితో చెప్పినప్పుడు నమ్మాలి అనేది మన మాట. ఆ మాట నుంచి ఒక్క అంగుళం వెనక్కి పోను. 1857లో ఈ కథలు మోసింది మగ సంపాదకులు, మగ పాదరీలు, మగ సైనికాధికారులు. స్త్రీ చెప్పినదాన్ని నమ్మడం వేరు. ఆమె చెప్పనిదాన్ని ఆమె నోట్లో పెట్టి, దాని మీద సైన్యం నడపడం వేరు. మొదటిది హక్కు, రెండోది ఆ హక్కును దొంగిలించడం.

జనరల్ వీలర్ చిన్న కూతురి కథ చూడండి. కాన్పూరులో ఆమెను ఒక అశ్విక సిపాయి ఎత్తుకుపోయాడు. ఆమె తుపాకితో సిపాయిలను కాల్చేస్తున్నట్టు ఒక బొమ్మ చార్లెస్ బాల్ రాసిన తిరుగుబాటు చరిత్రలో అచ్చయింది. పరువు కాపాడుకుని బావిలో దూకిందని కథ అల్లారు. కానీ ఆమె చావలేదనీ, ఆ సిపాయితోనే బతుకుతోందనీ 1865లోనే ట్రెవెల్యన్ తన 'కాన్పూర్' పుస్తకంలో రాశాడు. ఆమె ఇష్టపడి వుందో, దిక్కులేక వుందో మనకు తెలియదు. ఎందుకు తెలియదంటే ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు. చచ్చిపోయిన వీలర్ కూతురు సామ్రాజ్యానికి పనికొచ్చింది, బతికివున్న ఆమె పనికిరాలేదు.

ఈ బొమ్మల పని 1858తో అయిపోలేదు. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చి, తెల్లవాళ్ళను విచారించే అధికారం భారతీయ న్యాయాధికారులకు ఇస్తామన్నప్పుడు, తెల్లస్త్రీల భద్రత ఏం కావాలని అదే భయం మళ్ళీ లేపారు. 1919 ఏప్రిల్‌లో అమృత్‌సర్‌లో మార్సెల్లా షేర్‌వుడ్ అనే మిషనరీని ఒక గుంపు కొట్టి పడేసింది. ఆమెను చేరదీసి కాపాడింది అక్కడి భారతీయులే. డయర్ మాత్రం ఆ సందులో నడిచే భారతీయులంతా పొట్ట మీద పాకాలని ఆజ్ఞ వేశాడు. కాపాడినవాళ్ళ ఇరుగుపొరుగు కూడా పాకవలసిందే.

ఇక మన బొమ్మలు. కూడళ్ళలో, కాలెండర్ల మీద, బడి పుస్తకాల్లో ఝాన్సీ లక్ష్మీబాయి గుర్రం మీద వుంటుంది. చేతిలో కత్తి, వీపున కట్టుకున్న పసివాడు. ఈ బొమ్మనూ పేటన్ బొమ్మనూ నేను ఒకే గాటన కట్టడం లేదు. అది పాలించినవాడి కుంచె, ఇది పోరాడినవాళ్ళ జ్ఞాపకం. కానీ జ్ఞాపకాన్ని కూడా ప్రశ్నించాలి. దామోదరరావును 1853లో దత్తత తీసుకునేటప్పటికే వాడికి నాలుగైదేళ్ళు. రాణి యుద్ధం చేసిన 1858 నాటికి ఎనిమిదో తొమ్మిదో వుంటాయి. విగ్రహాల్లో వాడు ఎందుకు పెరగడు? కత్తి పట్టిన స్త్రీని చూస్తే మన సమాజానికి భయం. వీపున బిడ్డ వుంటే ఆ భయం తగ్గుతుంది. కత్తి తనకోసం పట్టలేదు, కొడుకు కోసం పట్టిందని సర్దిచెప్పుకోవచ్చు. 1854లో కంపెనీ ఝాన్సీని కలుపుకున్నప్పుడు ఆమె వకీలును పెట్టుకుని, అర్జీ మీద అర్జీ పంపి తన రాజ్యాధికారం కోసం వాదించింది. కాగితాలతో పోరాడిన ఆ రాణి విగ్రహం ఎక్కడా కనపడదు.

రాణి తరవాత మిగతావాళ్ళు ఎక్కడ? తిరుగుబాటు శతాబ్ది సందర్భంగా 1957లో తపాలా బిళ్ళ మీద గుర్రమెక్కిన రాణి వచ్చింది. రాణి వేషంలో శత్రువును ఏమార్చిందని బుందేల్‌ఖండ్ దళితులు తరతరాలుగా చెప్పుకునే కోరీ కులస్తురాలు ఝల్కారీ బాయి తపాలా బిళ్ళ మీదికి రావడానికి 2001 దాకా పట్టింది. నలభై నాలుగేళ్ళు. లక్నో సికందర్ బాగ్‌లో 1857 నవంబరులో సుమారు రెండు వేలమంది తిరుగుబాటుదారులు చచ్చిపోయారు. కొన్ని నెలల తరవాత ఫెలిచె బియాటో తీసిన ఫోటోలో ఆ ప్రాంగణం నిండా ఎముకలే. ఆ ఎముకల్లో ఆడవి ఏవో, మగవి ఏవో ఎవరు చెప్పగలరు? చెట్టెక్కి సైనికులను కాల్చి, తానూ కాల్పుల్లో పడిపోయిన ఒక స్త్రీ గురించి ఫోర్బ్స్ మిచెల్ అనే సైనికుడు 1893లో తన జ్ఞాపకాల్లో రాశాడు. పేరు రాయలేదు. ఆమె మా ఊదాదేవి అని పాసీ కులస్తులు పేరు పెట్టుకుని, అక్కడే విగ్రహం నిలబెట్టుకున్నారు. చరిత్ర పేరు ఇవ్వనప్పుడు ఆ జనమే పేరు ఇచ్చుకున్నారు.

బొమ్మకు అసలే లొంగని ఆడవాళ్ళు ఇంకా వున్నారు. లక్నో తవాయిఫులు తిరుగుబాటుకు సహకరించారని వాళ్ళ ఆస్తులు జప్తు చేశారు. చరిత్రకారిణి వీణా ఓల్డెన్‌బర్గ్ వెతికితే వాళ్ళ పేర్లు ఊరిలో అందరికంటే ఎక్కువ పన్ను కట్టినవారి పద్దుల్లో, జప్తు జాబితాల్లో దొరికాయి. 1864 కంటోన్మెంటు చట్టం వచ్చాక, తెల్లసైనికుల ఆరోగ్యం కోసమని బజారు స్త్రీలను బలవంతంగా వైద్య పరీక్షలకు ఈడ్చారు. తెల్లస్త్రీ మానం కోసం యుద్ధం చేశామన్న రాజ్యం నల్లస్త్రీ శరీరానికి ఇచ్చిన గౌరవం ఇది. బేగం హజ్రత్ మహల్ 1858లో విక్టోరియా ప్రకటనను వాక్యం వాక్యంగా ఖండిస్తూ తన ప్రకటన విడుదల చేసింది. లొంగిపోకుండా 1879లో ఖాట్మండులో చనిపోయింది. ఆమె చేతిలో కలం పెట్టి గీసిన బొమ్మ మన కాలెండర్ల మీద నేను చూడలేదు.

ఇదంతా ఉత్తరాది సంగతి అనుకోవద్దు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ మీద దాడి జరిగింది. 1859లో తుర్రేబాజ్ ఖాన్‌ను తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. అదీ ఒక బొమ్మే, పాలకులు జనానికి చూపించిన బొమ్మ. అలాంటి బొమ్మ మన కాలంలోనూ చూశాం. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువతిని అత్యాచారం చేసి, చంపి, కాల్చేశారు. మనమంతా రోడ్డెక్కాం, న్యాయం అడిగాం. డిసెంబరు 6 తెల్లవారుజామున పోలీసులు నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆర్మిటేజ్ బొమ్మ ప్రాణం పోసుకుని జాతీయ రహదారి మీద నిలబడింది. చనిపోయిన స్త్రీ వుంది, ఎత్తిన కత్తి వుంది, ఒక మూల ఆ నలుగురి ఇళ్ళలో ఏడ్చే ఆడవాళ్ళు వున్నారు.

2022లో సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పింది? పోలీసులు కావాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని చెప్పింది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని తేల్చింది. కాల్చి చంపిన రోజే స్త్రీల సంఘాలు కొన్ని 'మా పేరుతో చంపకండి' అని హైకోర్టుకు వెళ్ళాయి. వాళ్ళను తిట్టినవాళ్ళు చాలామంది. ఆ తిట్లు మనలో కొందరి నోటి నుంచీ వచ్చాయి. విచారణ లేని చావు ఏ స్త్రీకీ న్యాయం చేయదు. అది కేసును మూసేస్తుంది, పోలీసుస్టేషన్‌లో ఆ రాత్రి ఫిర్యాదు తీసుకోవడంలో ఎందుకు జాప్యం జరిగిందన్న ప్రశ్నను మూసేస్తుంది.

అందుకని మన కార్యకర్తలకు నా ప్రతిపాదన ఒకటే. శిక్షణ తరగతుల్లో చట్టాలతో పాటు ఇలాంటి బొమ్మలు కూడా ముందు పెట్టండి. తలుపు తోసుకుని వస్తున్నది ఎవరని అడగండి. మూల కూర్చున్న ఆయా ఎవరని అడగండి. మధ్యలో వున్న ఆమె ఏమైనా చెప్పిందా, చెప్తే ఎవరు రాసుకున్నారని అడగండి. రేపు ఇంకెక్కడో ఒక ఆడపిల్ల శవం చూపించి, ఒక కులం మీదికో, ఒక మతం మీదికో, ఒక బస్తీ మీదికో మనల్ని రమ్మంటారు. ముందు బ్యానరు మన చేతికే ఇస్తారు. ఆ బ్యానరు పట్టుకునే ముందు ఆ ఇంటి తల్లి దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఆమెకు ఏం కావాలో కనుక్కుని రండి.